బాడుగకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేశారు: అడ్వాన్సులో ఎంత పట్టుకోవడం న్యాయం?

మేడమీదిల్లు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మాది కర్నూలు వెంకటరమణ కాలనీ. కింద మేముంటాం, మేడమీద పోర్షన్ బాడుగకిస్తాం. మూడున్నరేళ్లుగా ఉన్న కుటుంబం, ఆయనకు నంద్యాల బదిలీ కావడంతో మొన్న నెలాఖరుకు ఖాళీ చేశారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. బాడుగ ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. నెలకు 9,000, చేరేటప్పుడు మూడు నెలల అడ్వాన్సు 27,000 ఇచ్చారు. ఇప్పుడు అది తిరిగివ్వాలి.

ఇల్లంతా చూసుకుంటే ఇవి కనబడ్డాయి. హాల్లో ఒక గోడ నిండా పిల్లలు క్రేయాన్లతో గీసిన బొమ్మలు. మిగతా గోడలు మాసిపోయాయి, అక్కడక్కడ మేకుల బొక్కలు. వంటగది గట్టు కింద అరగా వేసిన కడప బండ ఒకటి రెండు ముక్కలైంది. వెనక తలుపు దోమల జాలీ చిరిగింది. బాత్రూంలో రెండు కుళాయిలు ఉప్పు పట్టి బిగుసుకుపోయాయి. బెడ్‌రూంలో బాత్రూం వైపు గోడ అడుగున చెమ్మెక్కి పెయింట్ పొరలుగా ఊడుతోంది. ఏసీ పైపు కోసం వాళ్లు కొట్టించుకున్న రంధ్రం అలాగే ఉంది. చివరి నెల కరెంటు బిల్లు ఇంకా రాలేదు.

పెయింటరు ఇల్లు మొత్తానికి 22,000 అడుగుతున్నాడు. మా మరిదేమో "ఒక నెల బాడుగ పెయింటింగుకు పట్టుకో వదినా, మిగతావి వేరే లెక్కేయి, ఊళ్లో అందరూ చేసేదే" అంటున్నాడు. అలా లెక్కేస్తే వాళ్ల చేతికి సగం కూడా పోయేలా లేదు. అందుకు నాకు మనసొప్పడం లేదు. అలాగని అంతా మేం భరించే స్థితీ లేదు, ఈ బాడుగతోనే ఇంట్లో మందుల ఖర్చు గడుస్తుంది. అగ్రిమెంటు పదకొండు నెలలది, గడువైపోయాక అలాగే కొనసాగారు. అందులో "ఇల్లు యథాస్థితిలో అప్పగించాలి" అని తప్ప పెయింటింగు మాట ఎక్కడా లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బళ్లారి చౌరస్తా (కర్నూలు)

మీ మరిది చెప్పిందే కరెక్టు అక్కా. నాకు మూడు పోర్షన్లున్నాయి. ఎవరు ఖాళీ చేసినా ఒక నెల బాడుగ పెయింటింగుకు పట్టుకుంటా, చేరేటప్పుడే ఆ మాట చెప్పేస్తా. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లు మాసిన గోడలు చూస్తే గడప దగ్గరి నుంచే వెనక్కి పోతారు. ఖాళీగా ఉన్న నెల బాడుగ మనకెవరిస్తారు? ఒక్కో కుటుంబం ఖాళీ చేసినప్పుడల్లా మన చేతిది పెట్టుకుంటూ పోతే ఇల్లు కట్టిన అప్పు తీరేదెప్పుడు?

అనంత బాడుగదారు (అనంతపురం)

అన్నా, మీరు ముందే చెప్తున్నారు, ఒప్పుకున్నవాళ్లే చేరుతున్నారు. అది వేరే సంగతి. ఈ అక్క ఇంట్లో ఆ మాటే అనుకోలేదు కదా.

బాడుగకుండేవాళ్ల వైపు నుంచి ఒకటి చెప్పాలి. అనంతపురంలో నాలుగేళ్లున్న ఇల్లు మేం ఖాళీ చేసినప్పుడు 30,000 అడ్వాన్సులో ఓనరు మాకిచ్చింది 11,000. మిగతాదేమైందని అడిగితే ఒక చిన్న కాగితం చేతిలో పెట్టాడు. దాని మీద ఒకే ఒక్క లైను: "పెయింటింగు, క్లీనింగు, ఇతరాలు – 19,000". బిల్లు లేదు, దేనికెంతో లేదు. కొన్నాళ్లకు అదే ఇంట్లో దిగినవాళ్లు మాకు తెలిసినవాళ్లే అయ్యారు. చూడ్డానికి వెళితే గోడలకు మా అమ్మాయి స్టిక్కర్లు పీకిన గుర్తులు అలాగే ఉన్నాయి. పెయింటు డబ్బా మూత కూడా తీయలేదన్నమాట.

పోయిన డబ్బుకంటే నన్ను బాధపెట్టింది ఆ "ఇతరాలు". అందుకే అక్కా, మీరు ఎంత పట్టుకున్నా సరే, దేనికెంతో విడివిడిగా రాసివ్వండి. చేయించని పనికి మాత్రం పట్టుకోవద్దు.

ఇంకో మాట. ఇల్లు మారేటప్పుడు కొత్త ఇంటికి అడ్వాన్సు ముందే కట్టాలి, పాత ఇంటిది తర్వాతెప్పుడో వస్తుంది. మధ్యలో సామాన్ల బండి, పాలు పొంగించే ఖర్చు, పిల్లల స్కూలు. మేం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాం. గొడవ లేని డబ్బు ముందు పంపించేసి, తేల్చుకోవాల్సిన దానికి మాత్రం కొంత దగ్గర పెట్టుకుంటే బాడుగదారుకు ప్రాణం లేచొస్తుంది. మీ వాళ్లకు ముందు ఆ పని చేయండి.

రంగుల పని (కడప)

అక్కా, నేను కడపలో పెయింటింగ్ పనులు చేయిస్తుంటాను. ఇలాంటి ఇళ్లు చాలా చూశా. మీరు చెప్పినవాటిలో మూడు రకాలున్నాయి, కలిపి చూస్తే లెక్క చెడుతుంది.

గోడలు మాసిపోవడం. ఇద్దరు పిల్లలతో మూడున్నరేళ్లు కాపురముంటే గోడ మాయకుండా ఎలా ఉంటుంది? మంచం తల వైపు నూనె మరక, స్విచ్ బోర్డు చుట్టూ చేతి మరకలు, ఫ్యాను గాలికి పైన పట్టిన దుమ్ము, ఇవన్నీ మనుషులున్న గుర్తులు. చెప్పులు అరిగితే నడిచినవాడిది తప్పంటామా? లోపలి గోడలకు మామూలు పెయింట్ నాలుగైదేళ్లు వస్తే గొప్ప. వాళ్లు ఉన్నా లేకున్నా ఇంకో ఏడాదిన్నరకు మీరు వేయించాల్సిందే. మేకుల బొక్కలూ అంతే. కేలండరు, దేవుడి పటం తగిలించుకోకుండా ఎవరూ కాపురం చేయరు. లప్పం నాలుగు వేళ్లతో తీసి పూస్తే పోయేదానికి డబ్బు పట్టుకోవడం బాగుండదు. డ్రిల్లు పెట్టి పెద్ద పెద్ద ప్లగ్గులు దించి గోడ పెచ్చులూడగొడితే మాత్రం అడగొచ్చు.

క్రేయాన్ల గోడ వేరు. క్రేయాన్ అంటే మైనం. దాని మీద నేరుగా పెయింట్ వేస్తే పట్టుకోదు, కొన్నాళ్లకు గీతలు మళ్లీ బయటికి కనబడతాయి. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేయాలి. గీసిన చోటు మటుకే వేస్తే పాత రంగుకూ కొత్త రంగుకూ తేడా కొట్టొచ్చినట్టుంటుంది, కాబట్టి మూల నుంచి మూల దాకా ఆ గోడ మొత్తం వేయాల్సిందే. ఆ ఒక్క గోడ ఖర్చు న్యాయంగా వాళ్లదే. కానీ పూర్తి ఖర్చు కాదు. పెయింటు ఆయుష్షు ఐదేళ్లనుకుంటే మూడున్నరేళ్లు మీరు వాడేసుకున్నట్టు, వాళ్ల వల్ల మీకు పోయింది మిగిలిన ఏడాదిన్నర. అంటే ఖర్చులో మూడో వంతుకు కాస్త తక్కువ.

ఇక బెడ్‌రూం చెమ్మ. అది మీ బాత్రూం సమస్య అక్కా. చెమ్మ పైనుంచి కిందికి దిగుతోందా, కింది నుంచి పైకి ఎక్కుతోందా చూడండి. మీరు అడుగున అన్నారు కాబట్టి బాత్రూం ఫ్లోరింగ్ టైల్స్ సందుల్లో సిమెంటు పోయి నీళ్లు దిగుతున్నాయి, లేదంటే గోడలోపల పైపు జాయింటు కారుతోంది. గోరుతో గీకితే తెల్లటి పొడి రాలుతుందా? అది ఉప్పు. ఎన్నాళ్లుగానో నీళ్లు తాగిన గోడకే అలా వస్తుంది. దీనికి బాడుగదారు దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఇంకా చెప్పాలంటే ఆ చెమ్మ వాసనలో పడుకుంది వాళ్లు. టైల్స్ సందులు పూడ్పించకుండా పెయింట్ వేయించొద్దు, రెండు నెలలకే మళ్లీ ఊడుతుంది.

వకీలు (కర్నూలు)

పెయింటింగ్ సార్ చెప్పిందానికి చట్టంలో ఆధారముంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్, ఎం క్లాజు. అగ్రిమెంటులో వేరేగా రాసుకోనప్పుడు వర్తించే నియమం ఏమిటంటే, బాడుగదారు ఇంటిని తనకు అప్పగించినప్పుడున్నంత మంచి స్థితిలోనే తిరిగి అప్పగించాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, ఎవరూ ఆపలేని విపత్తు వల్ల వచ్చిన మార్పులు ఇందులోకి రావు. మీ అగ్రిమెంటులో "యథాస్థితి" అన్న మాటను పట్టుకుని కొత్త పెయింటు అడగడం నిలబడదు. మూడున్నరేళ్ల వాడకం తర్వాతి స్థితే ఆ ఇంటికి సహజమైన స్థితి.

గడువైపోయిన అగ్రిమెంటు గురించి టెన్షన్ అక్కర్లేదు. గడువు దాటాక కూడా మీరు బాడుగ తీసుకుంటూ వచ్చారు కాబట్టి 116వ సెక్షన్ ప్రకారం నెలనెలా కొనసాగిన బాడుగ కిందే లెక్క.

ఏ రిపేరు ఎవరిదన్న గొడవకు 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూలు చదవండి. అది నమూనా, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే నేరుగా వర్తిస్తుంది. అయినా ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి కొలబద్ద నాకు కనబడలేదు. అందులో ఓనరు వంతుకు వచ్చేవి: కట్టడానికి సంబంధించిన రిపేర్లు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు పెయింటు, అవసరమైనప్పుడు నీళ్ల పైపులు మార్చడం, కరెంటు వైరింగు. బాడుగదారు వంతుకు వచ్చేవి: కుళాయిలు, వాటి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం చేయించడం, కమోడు, వాష్ బేసిన్, గీజరు రిపేర్లు, స్విచ్చులు, సాకెట్లు, తలుపుల గొళ్లేలు, తాళాలు, దోమల జాలీలు, కిటికీ అద్దాలు, వంటగది సామగ్రి రిపేర్లు. బాడుగదారు పగలగొట్టింది ఏదైనా వాళ్లదే. ఆ నమూనాలో కాపురానికిచ్చే ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదని కూడా ఉంది. ఇల్లు అప్పగించుకునే రోజే న్యాయమైన కోతలు పోను మిగతాది ఇచ్చేయాలని ఉంది.

బళ్లారి చౌరస్తా అన్నకు ఒక మాట. ఒక నెల బాడుగ పట్టుకుంటామని రాసుకున్నా సరే, కోర్టుదాకా వెళితే 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అడ్డొస్తుంది. ముందే రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, న్యాయమైన పరిహారం అంతకు లోబడే ఇస్తారు. ఆరు నెలలుండి పోయినవాడి దగ్గరా, ఆరేళ్లుండి పోయినవాడి దగ్గరా ఒకే మొత్తం పట్టుకోవడం ఎలా సమర్థిస్తారో ఆలోచించండి.

బళ్లారి చౌరస్తా (కర్నూలు)

సార్, మీరు చెప్పింది ఒప్పుకుంటా, కానీ ఓనరు బాధ కూడా వినండి. ఖాళీ చేస్తామని చెప్పిన రోజు నుంచి బాడుగ కట్టడం ఆపేస్తారు. అడిగితే "అడ్వాన్సులో సర్దుకో అన్నా" అంటారు. తీరా పోయాక చూస్తే సింకు పగిలుంటుంది, మోటారు కాలిపోయుంటుంది, కరెంటు బిల్లు బాకీ ఉంటుంది. చేతిలో పట్టుకోవడానికి పైసా మిగలదు. అందుకే నాలాంటివాళ్లు ముందే ఒక రూలు పెట్టుకుంటారు. చేరేటప్పుడు చెప్పి, రాసి, ఒప్పించి పట్టుకునేదాన్ని దోపిడీ అనడం నాకు కష్టంగా ఉంది. నేను ప్రతిసారీ నిజంగానే పెయింట్ వేయిస్తా.

వకీలు (కర్నూలు)

మిమ్మల్ని దోపిడీదారు అనలేదన్నా. చెప్పి, రాసి, పని చేయించేవాళ్లు మీరు. అయితే ఒక నెల బాడుగ పెయింటింగుకని పట్టుకున్నాక, గోడల పేరుతో మళ్లీ ఇంకేదీ అడగకూడదు. ఉన్న కాలాన్ని బట్టి ఆ మొత్తం తగ్గేలా రాసుకుంటే ఇంకా బాగుంటుంది.

అడ్వాన్సులో సర్దుకోమనడం గురించి: గూడూరు మోడర్న్ హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు, ఓనరు దగ్గర పరిమితికి మించిన అడ్వాన్సు ఉన్నప్పుడు బాడుగ బాకీ పడ్డావని ఖాళీ చేయించడం చెల్లదంది. అది 1960 నాటి మన రాష్ట్రపు పాత అద్దె నియంత్రణ చట్టం కింద నడిచిన కేసు. దాన్ని చూపించి బాడుగ కట్టడం మానేయమని బాడుగదారులకు నేను సలహా ఇవ్వను. కానీ ఓనర్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, మన దగ్గరున్న అడ్వాన్సు అవతలివాళ్ల సొమ్ము.

రామ్‌నగర్ (అనంతపురం)

కుళాయిల గురించి నా మాట. షెడ్యూల్లో కుళాయిలు బాడుగదారు వంతు అని ఉండొచ్చు, మా అనంతపురం బోరు నీళ్లు చూసినవాళ్లు మాత్రం అంత తేలిగ్గా ఆ మాట అనరు. బకెట్టులో నీళ్లు పట్టి పెడితే పొద్దుటికి అంచు చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. కుళాయి ఎవరు వాడినా రెండు మూడేళ్లకు బిగుసుకుంటుంది, గీజరు కాయిలు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ నీళ్లు ఓనరు వేయించిన బోరువి. మీ మేడమీదికి మున్సిపాలిటీ నీళ్లా, బోరువా?

మేడమీదిల్లు (కర్నూలు)

తాగడానికి మున్సిపాలిటీ నీళ్లు, వాడుకకు బోరే అమ్మా. ఉప్పు బాగా ఉంటుంది.

రామ్‌నగర్ (అనంతపురం)

అయితే చెరి సగం పెట్టుకోండి. హ్యాండిల్ విరగ్గొట్టి ఉంటే పూర్తిగా వాళ్లది, ఉప్పు పట్టి బిగుసుకుంటే ఇద్దరిదీ.

ఏడురోడ్లు (కడప)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది నెల బాడుగ కాదు, లీజు. మొత్తం ఒకేసారి ఇచ్చాం, నెలకేమీ లేదు, ఖాళీ చేసేటప్పుడు అంతా తిరిగిస్తామన్నారు. ఇప్పుడు ఖాళీ చేస్తామంటే "కొత్తవాళ్లు లీజుకొస్తే వాళ్లిచ్చింది మీకిస్తా" అంటున్నారు. అంతవరకూ ఏం చేయాలి?

వకీలు (కర్నూలు)

అమ్మా, డబ్బు చేతికొచ్చేదాకా తాళాలు ఇవ్వొద్దు. కొత్తవాళ్లు రావడానికీ మీ డబ్బుకూ సంబంధం లేదు. మీరిచ్చింది బ్యాంకు ద్వారానా, చేతికా, కాగితం రిజిస్టర్ చేశారా, ఇవి చూడాలి. ఏడాదికి మించిన గడువుతో రాసుకునే లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. వేరే చర్చ పెట్టండి, వివరంగా మాట్లాడదాం. అప్పటిదాకా ఓనరుతో ఫోన్లో మాట్లాడింది వాట్సాప్‌లో కూడా రాసి పంపండి, "ఫలానా తేదీకి ఇస్తామన్నారు" అని.

మీటరు రీడింగ్ (కడప)

కరెంటు బిల్లు గురించి ఎవరూ చెప్పలేదు. ఖాళీ చేసిన రోజు మీటరు రీడింగు ఫోటో తీశారా అక్కా? తీసుంటే పని సులువు. మన మూడు జిల్లాలూ ఏపీఎస్పీడీసీఎల్ అనే కరెంటు సంస్థ కిందికే వస్తాయి. బిల్లు తీసే తేదీకీ ఖాళీ చేసిన తేదీకీ మధ్య ఎన్ని యూనిట్లు తిరిగాయో ఆ ఫోటోతో తేలుతుంది. శ్లాబులు మారతాయి కాబట్టి యూనిట్లను బట్టి దామాషాలో పంచుకుంటే సరిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. బిల్లులో ఇంధన సర్దుబాటు చార్జీలని ఒక లైను వస్తుంది. అది ఈ నెల వాడకానికి కాదు, గతంలో వాడిన యూనిట్ల మీద తర్వాత వేసేది. కాబట్టి మీ పాతవాళ్లు వాడిన కరెంటుకు రేపు వచ్చే కొత్తవాళ్ల బిల్లులో కొంత పడొచ్చు. దానికోసం ఇప్పుడు అంచనా వేసి పెద్ద మొత్తం పట్టుకోవడం తప్పు. కొత్తవాళ్ల మీద పడేయడమూ తప్పే. సర్వీసు మీ పేరు మీదుంది, ఆ చిన్న మొత్తం మీరే భరించడం మేలు. లేదంటే బిల్లు వచ్చినప్పుడు పాతవాళ్లకు ఫోటో పంపి అడగండి, మంచివాళ్లంటున్నారు కాబట్టి కాదనరు.

అనంత బాడుగదారు (అనంతపురం)

ఏసీ రంధ్రం పూడ్పించకండక్కా. కొత్తగా వచ్చేవాళ్లు కచ్చితంగా ఏసీ పెడతారు, కర్నూలు ఎండలకు తప్పదు. మళ్లీ గోడ కొట్టించుకోవాలి. మీకు పనికొచ్చేదానికి వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం బాగోదు.

మేడమీదిల్లు (కర్నూలు)

అందరికీ చాలా థ్యాంక్స్. అనంతపురం తమ్ముడు చెప్పినట్టు నిన్ననే వాళ్లకు 20,000 పంపించాను. బాడుగకున్న ఆయన భార్య, ఆ అమ్మాయి వెంటనే ఫోన్ చేసింది. నంద్యాలలో ఇంటికి అడ్వాన్సు సగమే కట్టారట, మిగతాది ఇవ్వనిదే రెండో గది తాళం ఇవ్వనన్నాడట అక్కడి ఓనరు.

తర్వాత నేను ఇలా లెక్క రాసి వాట్సాప్‌లో పెట్టాను. క్రేయాన్ల గోడకు పెయింటరు 2,400 అన్నాడు, మిగిలిన ఏడాదిన్నర ఆయుష్షు చొప్పున 720. అర బండ, రాయి ఖర్చూ మేస్త్రి కూలీ కలిపి 1,600. రాయి అరిగేది కాదు కాబట్టి పూర్తిగా రాశాను. జాలీ 650. కుళాయిలు రెండూ కలిపి 900, అందులో సగం 450. మొత్తం 3,420. చెమ్మ, మాసిన గోడలు, మేకులు, ఏసీ రంధ్రం దేనికీ ఏమీ లేదు. కరెంటు బిల్లు రీడింగు ఫోటో ప్రకారం వాళ్లే ఆన్‌లైన్‌లో కట్టేశారు.

మిగతావన్నీ ఒప్పుకున్నారు. బండ దగ్గర ఆగారు. "ఆంటీ, అది మేం చేరినప్పుడే బీటతో ఉంది" అంటోంది అమ్మాయి. చేరిన రోజు తను తీసుకున్న ఫోటోలున్నాయట, పంపుతానంది.

బళ్లారి చౌరస్తా (కర్నూలు)

అందరూ అదే అంటారు అక్కా. ఫోటో వచ్చాక నమ్మండి.

మేడమీదిల్లు (కర్నూలు)

ఫోటో వచ్చింది. అది బండ కోసం తీసింది కాదు. కొత్తింట్లో గ్యాసు పొయ్యి మీద పాలు పొంగుతుంటే తీసుకున్న ఫోటో. గట్టు కింద చీకట్లో అర కనబడుతోంది. వేళ్లతో పెద్దది చేసి చూస్తే బండ ఎడమ వైపు అంచు నుంచి జానెడు లోపలికి సన్నటి తెల్ల గీత. నల్ల రాయి కాబట్టి గీత స్పష్టంగా తెలుస్తోంది. ఇప్పుడు విరిగింది సరిగ్గా ఆ గీత వెంబడే. మా మేస్త్రికి చూపించాను. అడుగున ఆనింపు సరిగా లేకుండా దించితే కడప బండ అలాగే బీట తీస్తుందట, తర్వాత బరువు పెట్టేసరికి విరుగుతుందట. వాళ్లు దాని మీద బియ్యం బస్తా పెట్టిన మాట కూడా నిజమే, ఆ అమ్మాయే చెప్పింది.

బీట ఇల్లు కట్టేటప్పటిది, బస్తా వాళ్లది. సగం 800 పెట్టుకుంటానన్నాను. వెంటనే సరేనంది. అంటే మొత్తం కోత 2,620. వాళ్లకు రావాల్సింది 24,380, ముందిచ్చిన 20,000 పోను 4,380 ఈ పొద్దు పంపాను. జాలీ, కుళాయిల బిల్లులు రాగానే ఫోటోలు పంపుతానని చెప్పాను.

బళ్లారి చౌరస్తా (కర్నూలు)

ఫోటో ఉంది కాబట్టి ఇది న్యాయమే. నేను కూడా చేరినవాళ్లతో కలిసి ఇల్లంతా వీడియో తీయడం మొదలుపెడతా. కొత్త అగ్రిమెంటులో పెయింటింగు కోత మొదటి ఏడాదిలో ఖాళీ చేస్తే ఒక నెల, రెండేళ్లకు సగం, మూడేళ్లు దాటితే లేదు అని రాయించాలనుకుంటున్నా. వకీలు సార్, ఇది నిలబడుతుందా?

వకీలు (కర్నూలు)

ఇది చాలా బాగుందన్నా. "నిజంగా పెయింటు వేయిస్తేనే, బిల్లు చూపించి" అన్న మాట కూడా చేర్చండి. వీడియో తీసినప్పుడు కుళాయిలన్నీ తిప్పి, స్విచ్చులన్నీ వేసి, అరల అడుగున, తలుపుల వెనక, మీటరు మీద ఒక్కో క్షణం ఆగి తీయండి. అప్పుడే ఇద్దరి ఫోన్లలోకీ పంపుకోండి, తేదీ దానంతటదే పడుతుంది. కోర్టులో ఇలాంటివి చూపించాలంటే 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి, కాబట్టి అసలు ఫైలు తీసిన ఫోన్లోనే ఉంచుకోండి.

రంగుల పని (కడప)

అక్కా, బాత్రూం టైల్స్ సందులు పూడ్పించాక గోడను వెంటనే పెయింట్ చేయకుండా బాగా ఆరనివ్వండి. ఉప్పు పొడి మొత్తం గీకించి, పెళుసుగా ఉన్న ప్లాస్టరింగు కొట్టేసి కొత్తగా చేయించండి. ఆ తర్వాతే లప్పం. ఇల్లు మొత్తానికి 22,000 ఇప్పుడే పెట్టక్కర్లేదు. హాలు గోడ, ఈ గోడ చేయించి, మిగతావి తడిగుడ్డతో తుడిపించి ఒక కోటు వేయిస్తే ఇంకో కాపురం నడుస్తుంది.

అనంత బాడుగదారు (అనంతపురం)

అక్కా, మీ లెక్క చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. వకీలు సార్, నా 19,000 సంగతి ఇంకా తేలలేదు. ఖాళీ చేసి ఏడాది దాటింది. ఇప్పుడైనా అడగొచ్చా? లాయరు ఫీజుకే అంతా పోతుందని ఆగిపోయాను.

వకీలు (కర్నూలు)

అడగొచ్చు తమ్ముడూ. ఇలాంటి డబ్బు వసూలుకు మామూలుగా మూడేళ్ల గడువుంటుంది, ఏడాదే కాబట్టి ఇబ్బంది లేదు. ముందు ఓనరుకు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాయండి. ఎంత ఇచ్చారు, ఎంత తిరిగొచ్చింది, దేనికెంత పట్టుకున్నారో బిల్లులతో చూపించమని, పదిహేను రోజుల గడువు పెట్టండి. కోపంగా ఒక్క మాట కూడా రాయొద్దు.

జవాబు రాకపోతే అనంతపురం కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టుకునే పద్ధతి ఉంది, కోర్టు ఫీజు ఉండదు, లాయరు తప్పనిసరి కాదు. ఓనరుకు వాళ్లే నోటీసు పంపి పిలిపిస్తారు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ, దానిమీద అప్పీలు లేదు. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే లోక్ అదాలత్ బలవంతం చేయలేదు, అప్పుడు సివిల్ కోర్టే దారి. ఏ ఆఫీసుకు వెళ్లాలో తెలియకపోతే 15100కి ఫోన్ చేయండి.

అగ్రిమెంటు, అడ్వాన్సు ఇచ్చిన రసీదు లేదా బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ "ఇతరాలు" కాగితం, ఖాళీ చేసిన రోజు ఫోటోలు జిరాక్సులతో సహా తీసుకెళ్లండి. ఆ కాగితం అసలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, 19,000 పట్టుకున్నట్టు ఆయన చేతి రాతతో ఉన్నది అదొక్కటే.